పెద్దకూర ఎందుకు గట్టిగా ఉంటుంది? మెత్తగా వండడం ఎలా?

“గంటసేపు ఉడికినా ముక్క సాగుతూనే ఉంది.” “ఎనిమిది విజిల్స్ పెట్టినా నమల్లేకపోతున్నాం.” “మెత్తబడింది గానీ పీచుపీచుగా, చప్పగా ఉంది.” పెద్దకూర వండే ఇళ్ళలో ఈ మూడు ఫిర్యాదులూ తరచూ వినిపిస్తాయి. మూడింటికీ మూలం ఒకటే. ముక్కలో రెండు రకాల పదార్థాలున్నాయి. వేడి తగిలితే ఒకటి బిగుసుకుంటుంది, రెండోది కరుగుతుంది. మొదటిది నిమిషాల్లో జరిగిపోతుంది, రెండోదానికి గంటలు పడుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఎడం అర్థమైతే చాలు, ఎంత ముదురు మాంసమైనా లొంగుతుంది.

తెలుగు నేల మీద మాల, మాదిగ ఇళ్ళలో, ముస్లింల ఇళ్ళలో, ఎందరో క్రైస్తవుల ఇళ్ళలో ఇది ఆదివారం వంట. నలుగురూ ఇంట్లో ఉన్న పూట పెద్ద గిన్నె పొయ్యి మీదికెక్కుతుంది. అయినా తెలుగు వంటల పుస్తకాల్లో దీనికి దక్కిన చోటు చాలా తక్కువ. అమ్మ చేతి నుంచి బిడ్డ చేతికి వచ్చిన నేర్పే దీన్ని నిలబెట్టింది. ఆ నేర్పు వెనక ఉన్న కారణాలను ఒక్కొక్కటిగా చూద్దాం. ఆలుగడ్డలు, క్యారెట్లు వేసి, చిక్కటి పులుసుతో ఇంటిల్లిపాదికీ సరిపడేలా వండే స్టూ పద్ధతిని ఉదాహరణగా తీసుకుందాం.

దుకాణంలో ఏ ముక్క అడగాలి?

ముందు మాంసం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 1977 నాటి చట్టం గోవధను నిషేధించింది. దుకాణాల్లో మనకు ఎక్కువగా దొరికేది దున్న, బర్రె మాంసం. అది ముదురెరుపు రంగులో ఉంటుంది, కండలో కొవ్వు తక్కువ. ఉన్న కొవ్వు కూడా పసుపుపచ్చగా కాక తెల్లగా ఉంటుంది. మేతలోని కెరోటిన్‌ను బర్రె ఒళ్ళు విటమిన్ ‘ఎ’గా మార్చేసుకుంటుంది కాబట్టే దాని పాలూ తెలుపు, కొవ్వూ తెలుపు.

చాలామంది బొక్క లేని తొడ కూర అడుగుతారు. చూడ్డానికి శుభ్రంగా, ఎర్రగా ఉంటుంది గనక. పులుసు వంటకు అది సరైన ముక్క కాదు. కాలి పిక్క, జబ్బ, మెడ, రొమ్ము అడగండి. పిక్కను అడ్డంగా కోయించి చూడండి. ఎర్రటి కండ మధ్యలో తెల్లగా, పారదర్శకంగా చారలు కనిపిస్తాయి. “నరాలున్నాయి, తీసెయ్” అని అడుగుతుంటాం. అవి నరాలు కావు, కండను కట్టి ఉంచే పట్టీలు. వాటిని తీయించకండి, వంటకు చిక్కదనమంతా వాటి నుంచే రావాలి. కిలో పిక్క కూరకు పావుకిలో నల్లి బొక్క కలిపి ఇమ్మనండి. ముక్క రెండు వేళ్ళ మందం ఉండాలి. చిన్న ముక్కలు కొట్టిస్తే లోపలి పట్టీలు కరిగేలోపు పైకండ పొడిపొడిగా రాలిపోతుంది.

ఈ ముక్కలు తొడ కూర కంటే చవగ్గా దొరికితే ఇంకా మంచిది. పులుసు విషయంలో చవక ముక్కే మేలైన ముక్క.

అసలు ఎందుకంత గట్టిగా ఉంటుంది?

బరువు మోసే కండరం, ఎప్పుడూ కదిలే కండరం గట్టిపడుతుంది. పశువు రోజంతా నిలబడేది కాళ్ళ మీద, మేసేటప్పుడు వంచేది మెడ. అందుకే అక్కడ కండ పోగులను చుట్టి ఉంచే కొలాజెన్ అనే మాంసకృత్తు ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ ఆ కొలాజెన్ పోగులు ఒకదానికొకటి ముడిపడిపోతాయి. దుక్కి దున్నిన దున్న, ఈతలైపోయిన బర్రె కూర ఇంకా గట్టిగా ఉండడానికి కారణం ఇదే. లేత పశువు కూర రెండు గంటల్లో ఉడికితే, ముదురుదానికి మూడు గంటలు దాటినా ఆశ్చర్యం లేదు.

ఈ కొలాజెన్ నీటిలో చాలాసేపు వేడెక్కితే ముడులు వీడి జెలటిన్‌గా మారుతుంది. 60 డిగ్రీల సెల్సియస్ దాటాక ఈ మార్పు మొదలవుతుంది, 80 దాటాక వేగం పుంజుకుంటుంది. అప్పటిదాకా కండను బిగించి పట్టుకున్నదే కరిగి పులుసులో కలిసిపోతుంది. పులుసు పెదవులకు జిగురుగా తగులుతోందంటే జెలటిన్ దిగిందని అర్థం.

గంట ఉడికాక ముక్క ముందుకన్నా గట్టిగా ఎందుకుంటుంది?

చాలామంది వంట పాడయ్యేది ఈ గంట దగ్గరే. కొలాజెన్ కరగడానికి టైము కావాలి, కండపోగులకు అంత అక్కర్లేదు. 50 డిగ్రీల దగ్గర్నుంచే అవి ముడుచుకోవడం మొదలుపెట్టి, 65, 75 డిగ్రీల మధ్య బాగా బిగుసుకుని లోపలి నీటిని బయటికి నెట్టేస్తాయి. కాబట్టి మొదటి గంట చివర ముక్కకు రెండు కష్టాలూ ఒక్కసారే ఉంటాయి. నీరు పోయింది, పట్టీలు ఇంకా కరగలేదు. గిన్నెలో ముక్క అత్యంత గట్టిగా ఉండే సమయం అదే.

ఆ టైములో రుచి చూసి “ఇక ఇది ఉడకదు” అనుకుని మంట పెంచేస్తారు, లేదా అలాగే దించేస్తారు. రెండూ చేయొద్దు. మూత పెట్టి ఇంకో గంట, గంటన్నర ఆగండి. పోయిన నీరు తిరిగి కండలోకి రాదు. కానీ కరిగిన జెలటిన్ పోగుల మధ్యకు చేరి, నోటికి ముక్క రసంగా ఉన్నట్టు అనిపించేలా చేస్తుంది. కొలాజెన్ తక్కువున్న తొడ కూరకు ఈ మేలు జరగదు. అందుకే అది మెత్తబడినా పీచుగా, ఎండినట్టు ఉంటుంది.

ఉడికిందో లేదో గడియారాన్ని అడగొద్దు, ముక్కనే అడగాలి. గరిటె అంచుతో ముక్క మీద నొక్కండి. రబ్బరులా వెనక్కి తంతే ఇంకా టైముంది. నొక్కిన చోట పోగులు వాటంతటవే విడిపోతే అయిపోయినట్టు.

మంట పెద్దది చేస్తే త్వరగా అవదా?

అవదు. మూత లేని గిన్నెలో నీళ్ళు ఎంత ఎగిరెగిరి మరిగినా 100 డిగ్రీలు దాటవు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాదులో దాదాపు 98 దగ్గరే మరుగుతాయి. మంట పెంచితే నీరు ఆవిరవడం పెరుగుతుంది, వేడి పెరగదు. పైగా ఆ ఎగురుడుకు ముక్కలు ఒకదానికొకటి కొట్టుకుని అంచులు చిట్లుతాయి, కొవ్వు పులుసులో కలిసిపోయి పులుసు జిడ్డుగా, మడ్డిగా మారుతుంది. పైన అక్కడొకటి ఇక్కడొకటి బుడగ వచ్చి పగిలేంత మంట చాలు.

ముందుగా నూనెలో ఎర్రగా వేయించడం ఎందుకు?

“అలా వేయిస్తే రసం లోపలే బంధించబడుతుంది” అని ఒక నమ్మకం ప్రపంచమంతా ఉంది. 19వ శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ దీనికి గట్టి ప్రచారం ఇచ్చాడు. అది నిజం కాదు. వేగుతున్నంతసేపూ వినిపించే చుయ్‌మనే చప్పుడు బయటికొస్తున్న నీటిదే. నీరు బంధించబడి ఉంటే ఆ చప్పుడే ఉండదు.

అయినా వేయించాలి, రుచి కోసం. మాంసకృత్తులు, చక్కెరలు సుమారు 140 డిగ్రీలు దాటిన వేడిలో కలిసినప్పుడు వందలకొద్దీ కొత్త రుచులు, వాసనలు పుడతాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయ్యార్ వివరించిన ఈ చర్య ఆయన పేరుతోనే ప్రసిద్ధం. నీళ్ళలో ఉడికే ముక్కకు ఆ వేడి ఎప్పటికీ అందదు. అందుకే ముందుగానే వేయించుకోవాలి.

ఇక్కడ పనికొచ్చే జాగ్రత్తలు రెండు. కడిగిన కూరను చిల్లుల గిన్నెలో వేసి పావుగంట ఓడ్చండి, శుభ్రమైన గుడ్డతో అద్దండి. పైన తడి ఉన్నంతసేపూ ముక్క 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎర్రబడదు. కిలో కూరను ఒక్కసారే గుమ్మరించొద్దు. నీరూరి, వేగాల్సింది ఉడుకుతుంది. మూడు విడతలుగా, ముక్కకూ ముక్కకూ సందు ఉండేలా వేయించండి. అడుగున గోధుమరంగు పొర అంటుకుంటుంది. దాన్ని మాడనీయకుండా కాసిన్ని నీళ్ళు పోసి చెక్క గరిటెతో గీకి పులుసులో కలిపేయండి. రుచిలో సగం ఆ పొరలోనే ఉంది.

ఉప్పు ముందే వేస్తే ముక్క గట్టిపడుతుందంటారు, నిజమా?

కాదు. ఉప్పు కండలోని కొన్ని మాంసకృత్తులను వదులుచేసి, నీటిని కొంత పట్టి ఉంచడానికి సాయపడుతుంది. చివర్లో వేస్తే ఉప్పు పులుసులోనే నిలిచి, ముక్క లోపల చప్పగా ఉండిపోతుంది. కూర ఓడ్చాక సగం ఉప్పు పట్టించండి. మిగతా సగం దించేముందు రుచి చూసి వేయండి. పులుసు ఇగిరేకొద్దీ ఉప్పు చిక్కబడుతుంది కాబట్టి మొత్తం ముందే వేయడం మంచిది కాదు.

పచ్చి బొప్పాయి వేయాలా? టమాట, గోంగూర సంగతేమిటి?

పచ్చి బొప్పాయిలోని పపైన్ మాంసకృత్తులను తెగ్గొడుతుంది. అది ముక్క లోపలికి పెద్దగా దిగదు. పులుసు మరిగే వేడికి దాని పని ఆగిపోతుంది. నిప్పుల మీద త్వరగా కాలిపోయే కబాబుకు అది అవసరం. మూడు గంటలు ఉడికే కూరకు అక్కర్లేదు. ఎక్కువ పట్టిస్తే ముక్క పైభాగం ముద్దవుతుంది, లోపల గట్టిగానే ఉంటుంది.

పులుపు రెండు వైపులా పనిచేస్తుంది. కొలాజెన్ వదులవడానికి కొంత సాయపడుతుంది. కూరగాయలను మాత్రం ఉడకనీయదు. ఆలుగడ్డ గట్టిదనాన్ని నిలిపే పెక్టిన్ పులుపులో తొందరగా కరగదు. టమాట వేసిన పులుసులో ఆలుగడ్డ ఎంతకీ ఉడకదని చాలామంది గమనించే ఉంటారు. దీన్ని మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. టమాట ఉన్న పులుసులో ఆలుగడ్డ ముక్క విరగకుండా నిలుస్తుంది, కాకపోతే పది నిమిషాలు ఎక్కువ ఇవ్వాలి.

గోంగూరతో పెద్దకూర మన ఇళ్ళలో పేరున్న జోడీ. ఆ పూట ఆలుగడ్డ, క్యారెట్ మానేసి, టమాట తగ్గించండి. గోంగూరను విడిగా నూనెలో మగ్గబెట్టి, కూర పూర్తిగా మెత్తబడ్డాక కలిపి పది నిమిషాలు ఉంచితే చాలు.

ఐదారుగురికి సరిపడా ఎలా వండాలి?

కావలసినవి: పిక్క లేదా జబ్బ కూర కిలో, నల్లి బొక్క పావుకిలో, ఉల్లిగడ్డలు నాలుగు, టమాటలు మూడు, అల్లం వెల్లుల్లి ముద్ద రెండు పెద్ద చెంచాలు, పసుపు అర చెంచా, కారం రెండు చెంచాలు, వేయించి దంచిన ధనియాల పొడి రెండు పెద్ద చెంచాలు, దంచిన మిరియాలు చెంచా, అంగుళం చెక్క, నాలుగు లవంగాలు, రెండు యాలకులు, నూనె మూడు పెద్ద చెంచాలు, ఆలుగడ్డలు మూడు, క్యారెట్లు రెండు, కొత్తిమీర, తగినంత ఉప్పు.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె కాగాక, ఉప్పు పట్టించిన కూరను విడతలుగా వేయించి పక్కన పెట్టండి. అదే నూనెలో చెక్క, లవంగాలు, యాలకులు వేసి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డలను ఎర్రబడేదాకా వేయించండి. తొందరపడకండి, దీనికి పావుగంట పడుతుంది. ఉల్లిగడ్డల్లోంచి వచ్చే నీటికే అడుగు అంటిన పొర ఊడివస్తుంది. అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయాక పసుపు, కారం, ధనియాల పొడి వేసి, అవి మాడకుండా వెంటనే తరిగిన టమాటలు కలపండి. నూనె పైకి తేలాక కూర, బొక్క వేసి, లీటరు వేడినీళ్ళు పోయండి. చన్నీళ్ళు పోస్తే గిన్నె మళ్ళీ వేడెక్కడానికి టైము వృథా అవుతుంది.

ఒక పొంగు రాగానే పైన తేరిన నురగ తీసి, మంట తగ్గించి, మూత వేయండి. రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. అరగంటకోసారి చూసి, ముక్కలు బయటపడితే కాస్త వేడినీళ్ళు పోయండి. ముక్క మెత్తబడుతోందనగా, అంటే దించడానికి అరగంట ముందు, పెద్దగా కోసిన ఆలుగడ్డలు, క్యారెట్లు వేయండి. చివర్లో మిరియాలు, మిగతా ఉప్పు, కొత్తిమీర. పులుసు పలచగా ఉంటే పిండి కలపాల్సిన పనిలేదు. రెండు ఆలుగడ్డ ముక్కలను గిన్నె అంచుకేసి మెదిపి కలిపితే చిక్కబడుతుంది. దించాక పావుగంట కదపకుండా ఉంచి వడ్డించండి. వేడన్నం, జొన్నరొట్టె, బగారా అన్నం, రాగి సంగటి, దేనితోనైనా బాగుంటుంది.

కుక్కర్లో అయితే ఎన్ని విజిల్స్?

విజిల్స్ లెక్క వదిలేయండి. పెద్ద మంట మీద ఐదు నిమిషాల్లో ఆరు విజిల్స్ వస్తాయి, చిన్న మంట మీద అరగంటకు రెండే రావచ్చు. ఉడికించేది విజిల్ కాదు, లోపలి ఒత్తిడి నిలిచి ఉన్న సమయం. ఆవిరి బయటికి పోకుండా ఆపితే లోపల నీరు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడిలో కొలాజెన్ చాలా త్వరగా కరుగుతుంది. 1679లో ఫ్రెంచి శాస్త్రవేత్త డెని పాపాన్ లండన్ రాయల్ సొసైటీకి చూపించిన తొలి ఆవిరి కుండ ఎముకలను సైతం మెత్తబరిచింది. మన కుక్కర్‌కు అదే మూలం.

వేయించడం, తాలింపు అంతా కుక్కర్లోనే చేసి, నీళ్ళు లీటరుకు బదులు ముప్పావు లీటరు పోయండి. కుక్కర్ సగానికి మించి నిండకూడదు. మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించి 35 నుంచి 45 నిమిషాలు ఉంచండి. ఆపాక ఆవిరిని గరిటెతో ఎత్తి వదలొద్దు. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే లోపల పులుసు భగ్గున మరిగి, ముక్కలు చిట్లి, ఉన్న కాస్త రసమూ పోతుంది. దానంతటది చల్లారనివ్వండి. మూత తీశాక కూరగాయలు వేసి, మూత లేకుండా మామూలు మంట మీద అరగంట ఉడికించండి. కూరగాయలను మొదట్లోనే వేస్తే గుజ్జయిపోతాయి.

మర్నాడు రుచి ఎందుకు పెరుగుతుంది? ఎలా దాచాలి?

చల్లారేటప్పుడు మసాలా, ఉప్పు ముక్క లోపలికి ఇంకా దిగుతాయి, విడివిడిగా తెలిసే ఘాటు ఒక్కటవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన గిన్నె మర్నాడు తీసి చూడండి. పైన తెల్లటి కొవ్వు పొర గడ్డకట్టి ఉంటుంది, దాని కింద పులుసు జున్నులా కదులుతుంది. ఆ గడ్డకట్టినదే జెలటిన్. వద్దనుకుంటే కొవ్వు పొరను చెంచాతో తీసేయవచ్చు. వేడి చేస్తే పులుసు మళ్ళీ కరుగుతుంది.

రాత్రంతా గిన్నెను పొయ్యి మీదే వదిలేయడం మాత్రం ప్రమాదం. మరిగినా చావని సూక్ష్మజీవుల బీజాలు కొన్ని మాంసంలో ఉంటాయి. పెద్ద గిన్నె నెమ్మదిగా గోరువెచ్చబడే గంటల్లో అవి మొలకెత్తి పెరిగి వాంతులు, విరేచనాలు తెస్తాయి. కూరను వెడల్పాటి గిన్నెల్లోకి పలచగా సర్ది, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చండి, ఎండాకాలంలో గంటలోపే. మూడు నాలుగు రోజుల్లో తినేయండి. తినేంత వరకే తీసి, బాగా పొంగేదాకా వేడిచేయండి.

ఆరోగ్యానికి మంచిదేనా?

పెద్దకూరలో మంచి మాంసకృత్తులు, బి12 విటమిన్, జింక్, ఒంటికి సులువుగా పట్టే ఇనుము ఉన్నాయి. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళకు, ఎదిగే పిల్లలకు ఇవి ముఖ్యం. భోజనం చివర వెంటనే టీ తాగితే ఇనుము సరిగా పట్టదు, గంటసేపు ఆగండి. మోతాదు తెలుసుకోవడం కూడా అంతే ముఖ్యం. ఎర్రమాంసం అతిగా తింటే పేగు క్యాన్సర్ ముప్పు పెరగవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో హెచ్చరించింది. వారానికి ఒకరికి వండిన కూర 350 నుంచి 500 గ్రాములు దాటకుండా చూసుకోవాలన్నది ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి సలహా. వారానికి ఒకట్రెండు పూటలు, పక్కన ఆకుకూరో పప్పో ఉండేలా తింటే ఈ హద్దు దాటదు. కీళ్ళవాతం, యూరిక్ యాసిడ్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి తినాలి.

చిన్నపిల్లలకూ, పళ్ళు లేని తాతలకూ ఇదే గిన్నెలోంచి పెట్టడం ఎలా?

ఇంటి వంటకు అసలు పరీక్ష ఇదే. మసాలా మగ్గాక, కూరను మళ్ళీ గిన్నెలో వేసేముందు, కొన్ని వేయించిన ముక్కలను ఒక చిన్న గిన్నెలోకి తీసి, కారం లేకుండా ఉప్పు, పసుపు, ఒక ఆలుగడ్డతో పక్క పొయ్యి మీద ఉడికించండి. పిల్లలకు ఆ ముక్కను వేళ్ళతో పోగులుగా విడదీసి, ఆలుగడ్డ మెదిపి, అన్నంలో కలిపి పెట్టండి. ముక్కను ముక్కగా ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. బొక్కలోని మూలుగను చెంచాతో తీసి వాళ్ళ అన్నంలో కలపవచ్చు. పళ్ళు లేని పెద్దలకు పెద్ద గిన్నెలోని పిక్క ముక్కలే, ఇంకో అరగంట ఎక్కువ ఉడికించి, పులుసులో నానిన జొన్నరొట్టెతో పెట్టండి.

తొందరగా దించేసిన గిన్నె గట్టి పళ్ళున్నవాళ్ళకే పనికొస్తుంది. పట్టీలు పూర్తిగా కరిగేదాకా ఆగిన గిన్నె మూడేళ్ళ పిల్లకూ, ఎనభై ఏళ్ళ అవ్వకూ ఒకే పూట కడుపు నింపుతుంది. ఆ మూడు గంటలు వాళ్ళిద్దరి కోసమని ఆగండి.